ఏ పని ఎవరిది? – దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ చెప్పు పౌరపాఠము

పౌరశాస్త్రము మన పాఠశాలలలో చాలకాలముగా బోధింపబడుచున్నది. రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకొందురు, శాసనసభకు గడువెంత, పంచాయతీ చేయవలసిన పనులేవి అను ప్రశ్నలకు సమాధానములు వల్లించి, పరీక్షలో వ్రాసి, ఉత్తీర్ణులై, పిమ్మట వానిని మరచిపోవుటయు చాలకాలముగా జరుగుచున్నదే. అయితే ఈ శాస్త్రమునకు అసలు పరీక్ష బడిలో జరుగదు. ఇంటి ముందర మోరీ పొంగినప్పుడు, నల్లాలో నీరు రానప్పుడు, సొమ్ము పోసి కొన్న ఇంటికి రిజిస్ట్రేషను కాదని అధికారి చెప్పినప్పుడు ఆ పరీక్ష వచ్చును. అందులో ప్రశ్న ఒక్కటే: ఈ పని ఎవరిది?

ఈ ప్రశ్నకు సమాధానము పౌరునికి ఎంత తెలియును? అతని ఓటు కోరి వచ్చు నాయకునికి ఎంత తెలియును? తెలియనిచో, ఆ తెలియమి ఎక్కడ పుట్టినది? ప్రజలు చదువుకొనలేదనియో, నాయకులకు శ్రద్ధ లేదనియో చెప్పి ఊరకుండుట సులభము. చరిత్రను కొంచెము తరచి చూచినచో, ఈ అయోమయమునకు అంతకంటె లోతైన కారణములు కానవచ్చును. వానిని చూచుటకు హైదరాబాదు నగరపు తూర్పు భాగమైన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములవంటి అనువైన చోట్లు అరుదు. ఒక మనిషి జీవితకాలములోనే ఆ నేల సంస్థానములోని పల్లెగా, పంచాయతీగా, మునిసిపాలిటీగా, మహానగరములో ఒక భాగముగా నాలుగు రూపములు దాల్చినది.

మొదట ఆ చోటును గుర్తునకు తెచ్చుకొందము. మలక్‌పేట దాటి విజయవాడ మార్గమున తూర్పునకు సాగినచో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్ వరుసగా వచ్చును. 2018 సెప్టెంబరు 24 నుండి ఈ దారిమీదనే మెట్రో రైలు నడుచుచున్నది. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను భూస్వామి తన పొలమును ఇండ్ల స్థలములుగా పంచి విక్రయించుటచే దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసినది.

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో నిలిచి నలుదిక్కులు చూచువారికి అది ఒకే ఊరు, ఒకే బజారు. పరిపాలన పటమును చూచినచో అట్లు కాదు. 2008 నాటి నియోజకవర్గముల పునర్విభజన ననుసరించి పడమటనున్న మూసారాంబాగ్ మలక్‌పేట శాసనసభా స్థానములో, తద్ద్వారా హైదరాబాదు లోక్‌సభ స్థానములో చేరినది. దక్షిణముననున్న సరూర్‌నగర్, రామకృష్ణాపురము మహేశ్వరము స్థానములోను, తద్ద్వారా చేవెళ్ల లోక్‌సభ స్థానములోను చేరినవి. తూర్పుననున్న గడ్డిఅన్నారము, చైతన్యపురి, కొత్తపేట ఎల్.బి. నగర్ స్థానమునకు, తద్ద్వారా మల్కాజిగిరి లోక్‌సభ స్థానమునకు చెందినవి. జిల్లాలును రెండు: ఒకవైపు హైదరాబాదు, మరియొకవైపు రంగారెడ్డి. కూరగాయల సంచితో నడచి పోయి రాగల దూరములో ముగ్గురు శాసనసభ్యులు, ముగ్గురు లోక్‌సభ సభ్యులు, ఇద్దరు కలెక్టర్లు! ఇట్టి చోట ‘మన ప్రతినిధి ఎవరు?’ అను ప్రశ్నకు తడుముకొనకుండ బదులు చెప్పువారు కొలదిమంది ఉన్నను ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ చిక్కు నేటిది కాదు. హైదరాబాదు సంస్థానములో పురపాలనము 1869లో, మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలమున ఆరంభమయ్యెను. 1886లో చాదర్‌ఘాట్ వేరు మునిసిపాలిటీ అయ్యెను. 1933లో ఆ రెండును కలిసి ఒకే కార్పొరేషనుగా చట్టబద్ధమయ్యెను. మరుసటి సంవత్సరము దానికి ఎన్నికలు జరిగెను. జనులు దానిని ‘బల్దియా’ అనిరి. ఆ పేరు ఇప్పటికిని నోళ్లలో నిలిచియున్నది. అయితే సరూర్‌నగర్ పరిసరపు పల్లెలు ఆ బల్దియాకు వెలుపలివి. అక్కడివారికి ప్రభుత్వమనగా పటేలు, పట్వారీ, తహసీలుదారు. ప్రజ చేయగల పని అర్జీ వ్రాసుకొనుట. ప్రభువు చేయు పని దయతలచుట. సరూర్‌నగర్‌లో నిజాము రాజభవనముగా కట్టబడి, పిమ్మట అనాథ బాలల ఆశ్రమమైన విక్టోరియా మెమోరియల్ ఆ కాలమునకు మంచి గుర్తు. అది గొప్ప దానమే, సందేహము లేదు. కాని దానము దానమే. అడుగు హక్కు గ్రహీతకు లేదు.

ఏకవ్యక్తి పాలనలో ఒక సౌకర్యము మాత్రము కలదు. ఏ పని ఎవరిదను సందేహము అందులో లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలాది ప్రాణములు కొనిపోయినప్పుడు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పిలిపింపబడెను; ఆయన సూచనలపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు నిర్మింపబడెను; 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఆజ్ఞ ఇచ్చువారు ఒకరు, నెరవేర్చువారు కొందరు. కాని ఆ ప్రభువు ఆజ్ఞ ఇయ్యకున్నచో అడుగుటకు దారి ఏది? ఇదియే ఆనాటి ప్రజలకు క్రమముగా తట్టిన ప్రశ్న. 1939లో ప్రకటింపబడిన రాజ్యాంగ సంస్కరణలలో ప్రాతినిధ్యము వృత్తులు, ప్రయోజన వర్గముల ననుసరించి ఏర్పరుపబడినది గాని, వయోజనులందరికి ఓటు లేదు. బాధ్యతాయుత ప్రభుత్వమును కోరిన స్టేట్ కాంగ్రెసు ఆ సంస్కరణల క్రింద జరిగిన ఎన్నికలను బహిష్కరించెను.

ఆ దినములలో పౌరనీతి నేర్పిన బడులు సర్కారు బడులు కావు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము, 1926లో సురవరం ప్రతాపరెడ్డి స్థాపించిన గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతనే మొదటి సమావేశము జరుపుకొన్న ఆంధ్ర మహాసభ – ఇవి తెలంగాణమున తెలుగు చదువరులకు పరిపాలన పాఠములు నేర్పెను. వెట్టిచాకిరి చట్టసమ్మతమా, పన్ను ఎంత, ఏ ఉద్యోగికి ఏ అధికారము కలదు అను సంగతులు గ్రంథాలయముల అరుగులమీద చర్చింపబడెను. వారికి ఓటు లేదు. ప్రభుత్వమును గూర్చిన తెలివి మాత్రము సంపాదించుకొనిరి. ఈ విషయము మనము మరువరాదు. ఏలనన, తరువాతి కథ దీనికి తలక్రిందులుగా నడచెను.

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసెను. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. 1952 నాటికి మొదటి సార్వత్రిక ఎన్నికలు ముగిసి, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఎన్నికైన మంత్రివర్గము ఏర్పడెను. నాలుగేండ్లలో ప్రజ పౌరుడయ్యెను. ఆస్తి అడుగలేదు, చదువు అడుగలేదు. వయస్సు వచ్చిన ప్రతివారికి ఓటు చేతికి వచ్చెను. ప్రపంచములో అనేక దేశములు అంచెలంచెలుగా, తరములు గడచిన పిమ్మట ఇచ్చిన హక్కును మనదేశము ఒక్కమారుగా ఇచ్చెను. ఇది మన రిపబ్లికునకు తలమానికము. రాజ్యాంగ రచనా సంఘాధ్యక్షుడైన అంబేద్కర్ ఆనాడే ఒక హెచ్చరిక చేసెను: రాజ్యాంగము పట్ల నీతి మనుష్యునకు పుట్టుకతో వచ్చు గుణము కాదు, దానిని సాగుచేసి పెంచుకొనవలెనని. హక్కు ఒక్కదినమున ఇయ్యవచ్చును. తెలివిని ఒక్కదినమున ఇయ్యజాలము.

అయితే మొదటి రోజులలో ఈ లోటు అంతగా కనబడలేదు. 1959 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ప్రధానమంత్రి నెహ్రూ ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. రాజస్థానము తరువాత ఈ మార్గమును చేపట్టిన రాష్ట్రము మనదే. పంచాయతీ చిన్నది. సర్పంచి ఇల్లు అందరికి తెలియును. బావికి మరమ్మతు కావలెనన్న, వీధిదీపము వెలుగవలెనన్న ఆ గుమ్మమునకే పోవుదురు. సర్పంచి చేయజాలని పని సమితిది, సమితి చేయజాలనిది జిల్లా పరిషత్తుది. మెట్లు మూడే. చదువురాని రైతుకు కూడ ఆ మెట్లు తెలిసియుండెను. ప్రభుత్వము కంటికి కనబడునంత దగ్గరగా ఉన్నచో పౌరశాస్త్రము పుస్తకము లేకయే వచ్చునని దీనివలన తెలియుచున్నది.

పిమ్మట నగరము తూర్పునకు కదలెను. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి విజయవాడ మార్గమున వచ్చినవారికి నగరమున మొదట తగులు చోటు ఇదియే. పొలములు ప్లాట్లయ్యెను, ప్లాట్లు కాలనీలయ్యెను. 1978లో హైదరాబాదు జిల్లా గ్రామీణ భాగము వేరు జిల్లా అయి, తరువాత కె.వి. రంగారెడ్డి పేరు ధరించెను. పంచాయతీల స్థానమున ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారము మునిసిపాలిటీలు వచ్చెను. 2001 జనాభా లెక్కల ప్రకారము ఎల్.బి. నగర్ మునిసిపాలిటీలో సుమారు 2,62,000 మంది, గడ్డిఅన్నారములో సుమారు 53,600 మంది నివసించుచుండిరి. పట్టణములు అప్పటికే నిండిపోయెను. పట్టణమునకు తగిన పాలనాజ్ఞానము మాత్రము నిండలేదు.

దీనికి ఒక్క ఉదాహరణము చాలును. ఉద్యోగస్థుడు జీవితమంతయు కూడబెట్టి ఒక స్థలము కొనును. దస్తావేజు ఉన్నది, పంచాయతీ అనుమతి యని ఒక కాగితము ఉన్నది, ఇల్లు కట్టిన తరువాత ఏటేట ఇంటిపన్ను కట్టిన రసీదులు ఉన్నవి. ఇన్ని కాగితములున్న ఇల్లు తనదే అని అతడు నమ్మును. కాని ఇంటిపన్ను రసీదు యాజమాన్యపు రుజువు కాదు. పన్ను వసూలు చేయునది పురపాలక సంస్థ. భూమి ఎవరిదో తేల్చునది రెవెన్యూ శాఖయు న్యాయస్థానములును. దస్తావేజును నమోదు చేయునది రిజిస్ట్రేషను శాఖ. ఒక శాఖ పుచ్చుకొన్న సొమ్ము మరియొక శాఖను కట్టిపడవేయదు. ఎల్.బి. నగర్ పరిసరములలోని పలు కాలనీలలో రిజిస్ట్రేషనులు ఏండ్ల తరబడి నిలిచిపోయి, తుదకు 2022లో ప్రభుత్వము 118 సంఖ్యగల ఉత్తర్వు వెలువరించి క్రమబద్ధీకరణమునకు దారి చూపవలసి వచ్చినది. ఆ కాలమంతయు కుమార్తె వివాహమునకో, కుమారుని చదువునకో ఇల్లు అమ్ముకొనలేని సంసారములకు పౌరశాస్త్రము వట్టి పాఠ్యాంశము కాదు.

ఇంతలో దేశమున ఒక గొప్ప మార్పు జరిగెను. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోనికి వచ్చెను. పట్టణ పాలక మండలికి గడువు 5 సంవత్సరములు. ఆ గడువు ముగియకముందే ఎన్నికలు జరిగి తీరవలెను. మండలిని రద్దుచేసినచో 6 నెలలలోగా ఎన్నిక జరుపవలెను. 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణములలో వార్డు కమిటీలు ఉండవలెను. ఇవి రాజ్యాంగపు మాటలు. ప్రభుత్వముల ఇష్టానిష్టములకు విడువబడినవి కావు. 12వ షెడ్యూలులో మాత్రము ఒక మెలిక ఉన్నది. నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యము మొదలైన 18 అంశములు అందులో చెప్పబడినను, వానిలో ఏవేవి పట్టణ సంస్థలకు అప్పగింపవలెనో నిర్ణయించు అధికారము రాష్ట్ర శాసనసభది. షెడ్యూలులో ఉన్నంత మాత్రమున అధికారము చేతికి రాదు. ఈ మెలిక తెలిసిన ఓటరులు ఎందరు, కార్పొరేటరులు ఎందరు?

గడువు సంగతి చూడుడు. హైదరాబాదు కార్పొరేషనుకు 1986లో జరిగిన ఎన్నికల పిమ్మట మరల ఎన్నికలు 2002లో గాని జరుగలేదు. 2007 ఏప్రిల్ 16న ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారములతో సహా 12 మునిసిపాలిటీలను కలిపి బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థను ఏర్పరచిరి. దానికి మొదటి ఎన్నికలు 2009 నవంబరులో జరిగెను. రెండున్నర సంవత్సరములు ఈ ప్రాంతమునకు ఎన్నికైన పురప్రతినిధి లేడు. ఆ మొదటి మండలి గడువు 2014 డిసెంబరులో తీరెను. తదుపరి ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగెను. ఈ వ్యవధులలో ప్రత్యేకాధికారి పాలించెను. ఎన్నికలు కావలెనని ప్రతి వీధిలోను సభలు జరిగినవా? లేదు. అప్పుడప్పుడు న్యాయస్థానమే గుర్తుచేయవలసి వచ్చెను. ఎన్నికలు వచ్చినప్పుడో, 2009, 2016, 2020 మూడు పర్యాయములలోను నగరమున సగముమంది ఓటరులైనను పోలింగు కేంద్రమునకు రాలేదు. తన హక్కును ఎరుగనివాడు దానిని పోగొట్టుకొనినను ఎరుగడు.

విలీనముతో లాభము లేకపోలేదు. పెద్ద సంస్థకు పెద్ద ఆదాయము, ఇంజనీర్లు, యంత్రములు ఉండును. అయితే దానికి చెల్లించిన వెలను కూడ లెక్కవేయవలెను. 53,600 మంది గల గడ్డిఅన్నారమునకు ఒకనాడు సొంత మండలి, సొంత అధ్యక్షస్థానము ఉండెను. 2011 లెక్కల ప్రకారము బృహత్ నగరములో 67 లక్షలకు పైగా జనులు, 150 వార్డులు; అనగా వార్డు ఒక్కింటికి సగటున 45,000 మంది. ఒక మండలి ఉన్నచోట దాదాపు ఒక్క ప్రతినిధి మిగిలెనన్నమాట. 2025 చివర మరి 27 పురపాలక సంస్థలను ఇదే నగరములో కలుపుటకు నిర్ణయము జరిగెను. సరిహద్దులు మారినప్పుడెల్ల పౌరుడు తన పాఠమును మొదటినుండి చదువుకొనవలసి వచ్చుచున్నది.

ఆ పాఠమేమో సులభమైనది కాదు. మేయరు ఆజ్ఞాపించినచో నగరము కదలునని చాలమంది అభిప్రాయము. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టము ప్రకారము మండలి, స్థాయీసంఘము, కమిషనరు మూడు వేరువేరు అధికార స్థానములు. కార్యనిర్వహణాధికారము కమిషనరుది, ఆయనను నియమించునది రాష్ట్ర ప్రభుత్వము. త్రాగునీరు 1989లో ఏర్పడిన జలమండలిది. శివారు సర్కిళ్లలో మురుగునీటి నిర్వహణ నగరపాలక సంస్థ చేతిలో ఉండి, 2021లో జలమండలికి మారినది. 1975లో ఏర్పడిన పట్టణాభివృద్ధి సంస్థ 2008లో మహానగరాభివృద్ధి సంస్థయై, విస్తరణ ప్రణాళికలను చూచుచున్నది. మోరీ మూత విరిగినచో ఒకరు, మోరీలోని పైపు పగిలినచో మరియొకరు, మోరీ పోయి కలియు చెరువునకు ఇంకొకరు!

ఈ అరణ్యములో దారి తప్పిన పౌరుడు ఏమి చేయును? తనకు ముఖము తెలిసిన ఒకే ఒక్కని కడకు పోవును. ఆయన శాసనసభ్యుడు. శాసనసభ్యుని విధి చట్టములు చేయుట, బడ్జెటును పరిశీలించుట, మంత్రులను ప్రశ్నించుట. కాని వీధిలో సిమెంటు రోడ్డు వేయించినాడా లేదా అన్నదే ఆయనకు మనము పెట్టు పరీక్ష. లోక్‌సభ సభ్యునికిని అదే గతి. 1993లో పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి పథకము వచ్చెను. 2011–12 నుండి ఒక్కొక్క సభ్యునికి సంవత్సరమునకు 5 కోట్ల రూపాయల పనులు సూచించు అవకాశము కలిగెను. శాసనసభ్యులకును అట్టి నిధులు వచ్చెను. దేశపు చట్టములు చేయుటకు పంపినవానిని బస్సు షెల్టరు పలకమీద పేరు చూచి మెచ్చుకొను అలవాటు ఇట్లు స్థిరపడెను. ప్రతినిధియు తన పనిని అట్లే అర్థము చేసికొనెను. పౌరుని తెలియమియు నాయకుని తెలియమియు ఒకదానినొకటి పోషించుకొనుచున్నవి.

దీనికి ఒక సమాధానము చెప్పబడును, అది న్యాయమైనదే. కార్పొరేటరు మాటను అధికారి వినడు, శాసనసభ్యుడు ఫోను చేసినచో వినును. అట్టిచో ఆయనను ఆశ్రయించుట తెలివియే గాని తెలియమి యెట్లగును అని. పైగా శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పదవిరీత్యా నగరపాలక మండలిలో సభ్యులై, మేయరు ఎన్నికలో ఓటు కూడ వేయుదురు. కావున వారికి సంబంధమే లేదనరాదు. నిజమే. ఒక్క ఇంటి పని సాధించుటకు ఈ దారి దగ్గరిదారి. కాని ప్రతివారును ఆ దగ్గరిదారినే నడచుటచే అసలు బాట గడ్డిమొలచి మూసికొనిపోయినది. వార్డు కార్యాలయమును అడుగువారు లేరు. అడుగువారు లేనిచోట బాధ్యత నిలువదు. పని జరిగినచో అది హక్కు అనిపింపదు, ఉపకారమనిపించును. సంస్థానపు దినములనాటి అర్జీ, దయ మరల మన మధ్యకు వచ్చి కూర్చుండినవి.

దీని ఫలితము 2020 అక్టోబరు 13న కన్నులకు కట్టినట్లు కనబడెను. ఆ రాత్రి కురిసిన కుంభవృష్టికి ఎల్.బి. నగర్, సరూర్‌నగర్, హయత్‌నగర్ పరిసరముల కాలనీలు నీటమునిగెను. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలమునాటిది. దాని చుట్టును, దానికి నీరు వచ్చిపోవు త్రోవలలోను ఇండ్లు లేచెను. ఆ ఇండ్లకు అనుమతి ఎవరిచ్చిరి? నాలాలను ఎవరు చూడవలెను? చెరువునకు సాగునీటి శాఖ, రెవెన్యూ శాఖ, మహానగరాభివృద్ధి సంస్థ, నగరపాలక సంస్థ నలుగురును సంబంధించినవారే. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదన్న సామెత ఇట్టిచోటనే పుట్టియుండును. 1908లో ప్రజలకు అడుగు హక్కు లేదు, బాధ్యుడు మాత్రము ఒక్కడు. 2020లో హక్కు సంపూర్ణముగా ఉన్నది. బాధ్యుడు ఎవరో తెలియదు.

వరద వచ్చిన 7 వారములకు, డిసెంబరు 1న నగరపాలక ఎన్నికలు జరిగెను. చెరువు, నాలా, ఇండ్ల అనుమతి గూర్చి ఎన్నటికిని మరువరాని చర్చ జరుగవలసిన సమయమది. ప్రచారములో పెద్ద విషయమై నిలిచినది కుటుంబమునకు 10,000 రూపాయల వరద సహాయము. అది ఎవరికి అందెను, ఎవరికి అందలేదు, నవంబరులో రాష్ట్ర ఎన్నికల సంఘము దానిని ఏల ఆపెను అను వాదము. ఆకలిగొన్న ఇంటికి ఆ సొమ్ము అక్కరకు వచ్చినదే. దానిని తేలిక చేయరాదు. కాని నాలాలకు బడ్జెటులో ఎంత కేటాయించిరి, ఎంత వ్యయమైనది అని అభ్యర్థిని నిలవేసి అడిగినచో, ఆ అభ్యర్థి రాత్రికి రాత్రి ఆ బడ్జెటును చదువవలసి వచ్చియుండెడిది. నాయకునికి పౌరశాస్త్రము నేర్పు గురువు ఓటరే.

ఇట్లన్నంత మాత్రమున, పరీక్షలో గెలిచినవారికే ఓటు ఇయ్యవలెనను వాదమును అంగీకరింపరాదు. అది మనలను 1939 నాటి సంస్కరణల కడకే కొనిపోవును. తెలిసినవారికి మాత్రమే హక్కన్నచో, హక్కు లేనివారికి తెలిసికొను అవసరమే ఉండదు. అభ్యర్థులకును చదువు షరతు కానక్కరలేదు. షాద్‌నగర్ దినములలోని సర్పంచులలో ఎందరికి పట్టాలు ఉండెను? ఎన్నికైన పిమ్మట నేర్చుకొనుట మాత్రము విధి. స్థానిక సంస్థల ప్రతినిధులకు శిక్షణ యిచ్చు జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఈ నగరములోనే, రాజేంద్రనగర్‌లో ఉన్నది. విద్య దూరముగా లేదు. నేర్చుకొనకున్నను గెలువవచ్చునను ధైర్యమే అడ్డు.

ఇక గృహస్థులు చేయగలది ఏమి? వేయి చట్టములు చదువనక్కరలేదు. ఏ సమస్య వచ్చినను మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. చట్టము ప్రకారము ఈ అధికారము ఎవరిది? దీనికి సొమ్ము ఎవరి బడ్జెటులో ఉన్నది? ఎన్ని దినములలో జరుగవలెను? 2005 అక్టోబరు నుండి అమలులోనున్న సమాచార హక్కు చట్టము క్రింద ఒక తెల్లకాగితముమీద ఈ మూడును వ్రాసి అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో బదులు రావలెను. కాలనీ సంక్షేమ సంఘములు ఈ ప్రాంతమున ఎన్నో ఉన్నవి. వినాయక చవితి పందిరికి, కాలనీ ద్వారమునకు చందాలు పోగుచేయు నేర్పు వారికి చాల ఉన్నది. సంవత్సరమునకు ఒక్కసారి తమ వార్డుకు కేటాయించిన సొమ్ము పట్టికను గోడకు అంటించి చదివించినచో, ఆ కాలనీ ఒక చిన్న గ్రంథాలయోద్యమము నడిపినట్లే. వార్డు కమిటీ ఉన్నదా, ఉన్నచో ఎప్పుడు కూడెను అని అడిగినచో, రాజ్యాంగములోని ఒక వాక్యమునకు ప్రాణము పోసినట్లే.

ఓటు లేని తరము అరుగులమీద కూర్చుండి ప్రభుత్వమును చదువుకొనెను. ఓటున్న తరము ఆ చదువును ప్రతినిధులకు విడిచిపెట్టి, ప్రతినిధులు దానిని అధికారులకు విడిచిపెట్టి, అధికారులు ఒకరిపై ఒకరు విడిచిపెట్టుచున్నారు. తిలాపాపము తలా పిడికెడు. ఈ వరుసను ఎక్కడనో ఒకచోట త్రెంచవలెను. అడుగనిదే అమ్మయినను పెట్టదందురు. ఎవరిని అడుగవలెనో తెలిసికొనుట అడుగుటకు మొదటి మెట్టు. వచ్చు వానకాలమునకు ముందుగా, మన ఇంటి ఎదుటి మోరీ ఎవరిదో, అది ఏ చెరువున కలియునో, ఆ చెరువునకు ఎవరు జవాబుదారియో ఇంటిల్లిపాది తెలిసికొనిన, మన పిల్లలు బడిలో వల్లించు పౌరశాస్త్రమునకు ఇంటిలో ఒక అర్థము ఏర్పడును.